పిడికిలి కొలత

కమిటీ ఇచ్చిన పట్టికలో
వయసుకో గడి, గడికిన్ని గ్రాములు.
ఆరు నెలల నుంచి ఎనభై ఏళ్ళ దాకా
మనిషిని తొమ్మిది అడ్డగీతలతో కోసి
నా చేతిలో పెట్టారు.
‘విశాఖకి సరిపోయేలా తెలుగులో రాసుకురండి,
సోమవారానికి.’

శనివారం పొద్దున పెదజాలరిపేట వెళ్ళాను.
సంచిలో డిజిటల్ కాటా, కొలటేపు, ఖాళీ ఫారాలు.
వలలు ఆరేసిన ఇసుకలో
గరికిన పోలమ్మ నెత్తళ్ళు ఎండేస్తోంది.
కాకుల్ని అదిలిస్తూనే జవాబులు చెప్పింది.

వయసెంత?
‘ఏటోనమ్మా. పిషింగార్బరు కట్టినప్పుడు
సంకలో పిల్ల. అక్కణ్ణించి నువ్వే లెక్కేసుకో.’
‘అరవై దాటినవారు’ గడిలో టిక్కు పెట్టాను.

మనవరాలు నీలవేణి వయసు మాత్రం
పేటంతటికీ తెలుసు.
హుద్‌హుద్ రాత్రి, రేకులు ఎగిరిపోతుండగా పుట్టింది.
కింది రెప్ప లాగి చూశాను:
అల కడిగిన గవ్వలా తెల్లగా ఉంది.
నా పట్టిక ఇనుము అంటుంది, ఇన్ని మిల్లీగ్రాములు అంటుంది.
పోర్టులో కుప్పపోసిన ఇనుప ఖనిజం
ఎర్రదుమ్మై వన్‌టౌన్ దండేల మీద
ఆరేసిన చొక్కాల్లోకి వస్తుంది,
ఈ పిల్ల నెత్తుట్లోకి రాదు.

కోడలు బాలింత.
గుడిసెలోంచి పాలసొర పిట్టు వాసన,
వెల్లుల్లి, కాస్త కరివేపాకు.
నా గడిలో పాలసొర లేదు.
ప్రొటీను అని రాశాను.
ఆ మాటకి వాసన లేదు.

మధ్యాహ్నం గాజువాక.
స్టీలుప్లాంటులో రాత్రి షిఫ్టు చేసే బొడ్డేటి సన్యాసినాయుడికి
షుగరు, యాభై రెండేళ్ళు.
తెల్లారగట్ల మూడింటికి క్యారేజీ విప్పుతాడట.
‘పొద్దుటి తిండి మానొద్దని రాశారు మేడమ్,
ఎవరి పొద్దు?’
ఏం చెప్పను,
నా పట్టికలో సూర్యుడు ఒక్కడే.

సాయంత్రం మళ్ళీ పేటకే వెళ్ళాను, ఎందుకో.
‘వంద గ్రాములంటే ఏపాటి?’ అడిగింది పోలమ్మ.
కాటా తీశాను. ఉప్పుగాలి తగిలిందేమో,
ఎంత నొక్కినా సున్నా.
ఆమె నవ్వి పిడికిలి బిగించి చూపించింది.
‘గుంటకి దాని గుప్పెడు, నాకు నా గుప్పెడు.
సెయ్యి పెరిగితే తిండి పెరుగుతాది,
ఇలాగ ఎండిపోతే తగ్గుతాది.
దీనికి కమిటీ ఏలమ్మా?’

పసివాడి పిడికిలి చూశాను, ఉసిరికాయంత.
నీలవేణి తన చెయ్యి వెనక్కి దాచుకుంది,
గోళ్ళకి దొంగతనంగా రంగేసుకుందని.
నా చెయ్యి నేనే మూసి తెరిచి చూసుకున్నాను,
నలభై మూడేళ్ళుగా దగ్గరున్న కొలపాత్ర.

ఫారంలో లేని ప్రశ్న ఒకటి అడిగాను.
‘ఇంట్లో ఆఖరున ఎవరు తింటారు?’
‘కుండడుగుది నాదీ కోడలిదీ’ అంది,
ఎండిన నెత్తళ్ళని గంపకెత్తుతూ,
రేపు ఆదివారం అన్నట్టుగా.

సోమవారం సిరిపురంలో సమావేశం.
బల్ల మీద సమోసాలు, పాకంలాంటి టీ.
చైర్మన్‌గారు రెండో సమోసా మధ్యలో ఆగి
‘పిడికిలి శాస్త్రీయం కాదేమో’ అన్నారు.
గ్రాములు పైన ఉంచి, పిడికిళ్ళు కింద సన్నగా వేద్దామన్నారు.
రాత్రి షిఫ్టు మీద ఉపసంఘం వేశారు.
ఎవరు ఆఖరున తింటారన్న వరుస
పోషకాహారం కిందికి రాదట,
కొట్టేశారు.

రెండు నెలలకి పోస్టరు వచ్చింది.
చేప బొమ్మ ఉండాల్సిన చోట
నారింజరంగు ముక్క, మీద నిమ్మచెక్క.
పేటలో గోడకి అంటిస్తుంటే
పోలమ్మ దగ్గరకొచ్చి కళ్ళు చికిలించింది.
‘ఇదేటి సేప? మన సంద్రంలో పడదే.’

మార్కరు తీసి ఆ ముక్క మీద అడ్డంగా
నెత్తళ్ళు అని రాశాను.
అడుగున వేలెడు జాగా మిగిలింది.
అక్కడ ఇంకో వాక్యం, ఎవరి ఆమోదమూ లేకుండా:
ఆఖరున తినేవాళ్ళకి ముందు వడ్డించండి.

పోలమ్మకి చదువు రాదు.
నీలవేణి చదివి వినిపించింది,
ఆ కింది వాక్యం రెండుసార్లు.
ముసలామె ఏమీ అనలేదు.
వెనక గంప మీద కాకి వాలింది,
అదిలించలేదు.